నీలం మూత

ఇంట్లో ఆవిడ చేసిన చివరి మామూలు పని కుళాయికి కట్టు కట్టడం.

రెండు గదుల మధ్య నడవలో చేతులు కడుక్కునే కుళాయి అది. మెడ దగ్గర నీరూరి, చుక్కచుక్కగా తొట్టిలోకి జారేది. ఆవిడ భర్త దర్జీ. రోజూ దాని వంక చూసి, లోపల వాషరు అరిగిపోయింది, ఇవాళ తెచ్చి వేస్తాను అనేవాడు. మిషను ముందు కూర్చున్నాక కుళాయి గోడు కుళాయికే వదిలేసేవాడు. ఆ పొద్దున ఆవిడ డ్యూటీకి బయల్దేరుతూ సంచిలోంచి రబ్బరు పట్టీ ఒకటి తీసింది. రక్తం తీసే ముందు నరం పైకి తేలడానికి మోచేతి పైన బిగించే పట్టీ. సాగిపోయిందని పక్కన పడేసినదాన్ని శుభ్రంగా కడిగి దాచుకుంది. దాన్ని కుళాయి మెడకి చుట్టి, కొసను మడిచి లోపలికి దోపింది. కొస పట్టుకుని లాగితే ఇట్టే ఊడిపోయే ముడి. ఆ ముడి ఎన్ని చేతులకు వేసి ఉంటుందో లెక్కలేదు. కుళాయికి వేస్తున్నప్పుడు కూడా దాని వంక చూడలేదు, వేళ్లే వేసుకుపోయాయి.

"నరం దొరికిందండీ. ఇక గుచ్చడమే తరువాయి," అంది.

దర్జీ తన గది గుమ్మంలో నిలబడి నవ్వాడు. సాయంత్రం వాషరు తప్పకుండా తెస్తానన్నాడు. మీ సాయంత్రాలు నాకు తెలీనివా అంటూ ఆవిడ మాస్కు బిగించుకుని మెట్లు దిగింది. మలుపు దగ్గర ఒకసారి దగ్గింది. మెట్ల మీద దుమ్ము అనుకున్నాడాయన.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి రాలేదు.

ఆస్పత్రిలో అందరూ ఆవిడని సూదమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పెద్ద డాక్టరు దగ్గర్నించి వార్డు తుడిచే మనిషి దాకా అదే పిలుపు. ఆవిడ పని రక్తం తీయడం. పొద్దున్నే గొట్టాల పెట్టె చేత్తో పట్టుకుని మంచం మంచానికీ తిరిగేది. మొదట పేరు అడిగేది, తర్వాత ఏ చెయ్యి అని అడిగేది, వాళ్లు చెయ్యి గురించి ఆలోచిస్తూ ఉండగానే పని కానిచ్చేది. దర్జీ పక్క వీధులవాళ్లకి బట్టలు కుట్టేవాడు. కొత్తవాటికన్నా పాతవి సరిచేయడమే ఎక్కువ. వదులు చేయడం, బిగించడం, పెద్దవాడిది చిన్నవాడికి సరిపోయేలా కత్తిరించడం. ఇంటి ముందుగదే కొట్టు.

ఇద్దరికీ సూదే అన్నం పెడుతోంది అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆవిడ ఇంట్లో ఉంటే ఊరుకునేది కాదు. ఈయన గుచ్చితే బట్ట కిక్కురుమనదు కాబట్టి ఇంత గొప్ప, నేను గుచ్చితే ఎంత మర్యాదస్తుడైనా నన్ను కన్నవాళ్లదాకా వెళతాడు అనేది. పిల్లలు లేరు. ఆ మాట ఎత్తడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. మాట్లాడుకోవడానికి ఇంకా చాలా ఉండేది.

ఆయనకి రంగులంటే ప్రాణం. నల్లదారం ఇమ్మంటే ఏ నలుపు అని అడిగే మనిషి. పెళ్లయిన కొత్తలో, నీ పెట్టెలో ఆ రంగురంగుల మూతలేమిటని అడిగితే, ఆవిడ గడువు తీరిన ఖాళీ గొట్టాలు కొన్ని తెచ్చి మిషను బల్ల మీద పరిచింది. మూత రంగును బట్టి ఆ గొట్టంలో రక్తం ఏ పరీక్షకి వెళ్లేదీ తెలుస్తుంది. ఇది ఊదా, రక్తకణాలు లెక్కపెట్టడానికి అంది.

"ఊదా కాదు, వంగపండు," అన్నాడాయన.

ఇది పసుపు అంటే, పసుపులో ఏ పసుపో చెప్పాలి కదా, ఇది ముగ్గిన నిమ్మకాయ అన్నాడు. నీలం మూత దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు చూశాడు. దారాల డబ్బాలోంచి రీళ్లు తీసి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూశాడు. ఏదీ కలవలేదు. చివరికి, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కాకి కాలరు మడత లోపల మిగిలి ఉంటుందే, ఆ నీలం అన్నాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. మర్నాడు ఆస్పత్రిలో అందరికీ చెప్పింది కూడా.

ఆ నీలం గొట్టం పేచీకోరు అని ఆవిడే చెప్పింది. రక్తం గడ్డకట్టే తీరును చూసే గొట్టం అది. మిగతా గొట్టాల్లోని మందు అంటకుండా దాన్నే ముందు తీయాలి. గీత దాకా నిండాలి. గీతకి తక్కువైతే లెక్క తప్పొస్తుందని వెనక్కి తిప్పి పంపేస్తారు. కొలత దగ్గర రాజీ పడని వస్తువు కాబట్టి దర్జీకి ఆ గొట్టమంటే గౌరవం కలిగింది.

సూదమ్మకి ఒక మాట ఉండేది. సూది తీసి, దూది అదిమి, పక్కన నిలబడ్డ భార్యో కొడుకో ఆత్రంగా మొహంలోకి చూస్తుంటే, "రక్తం బాగానే వచ్చిందండీ," అనేది. అందులో అబద్ధం లేదు. నరం దొరికింది, గొట్టం నిండింది, అంతే దాని అర్థం. కానీ వినేవాళ్ల మొహాలు విప్పారేవి. పరీక్షలో ఏం తేలుతుందో ఆవిడకి అప్పటికి తెలీదు. తెలిసినా చెప్పే హక్కు లేదు. ఊరికే వెళ్లిపోతే వాళ్లు ఆ మౌనానికే ఏదో అర్థం తీస్తారు. అందుకని ఆ మాట దొరకబుచ్చుకుంది. ఎంత లౌక్యమే నీది, అబద్ధం ఆడకుండానే అబద్ధం చెబుతావు అనేవాడు దర్జీ. "వాళ్లకి మధ్యాహ్నం దాకా సరిపోతుందండీ ఆ మాట. అన్నం తింటారు," అనేది ఆవిడ.

తర్వాత ఆ జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి దిగే వైరస్ జ్వరం. మొదట్లో డాక్టర్లకి కూడా దాని పోకడ అంతుపట్టలేదు. నడుచుకుంటూ వచ్చి, మంచం మీద కూర్చుని ఫోన్లో కబుర్లు చెప్పిన మనిషి నాలుగు రోజులు తిరక్కుండా ఊపిరాడక పోయేవాడు. మోసుకొచ్చిన ముసలాయన లేచి ఇంటికి వెళ్లేవాడు. మొహం చూసి చెప్పే రోజులు పోయాయి. అందుకని వచ్చిన ప్రతి మనిషికీ వచ్చీరాగానే రక్తం తీసి చూడడం మొదలుపెట్టారు. తెల్లకణాల్లో ఫలానా రకం పడిపోతోందా, ఒంట్లో మంట ఎంత రేగింది, రక్తం లోలోపల గడ్డలు కట్టి విరుగుతోందా. ఈ లెక్కలు చూస్తే ఎవరికి విషమిస్తుందో ముందే కొంత పసిగట్టవచ్చు. వాళ్లని పై అంతస్తులో, ఆక్సిజను దగ్గరగా ఉంచవచ్చు.

ఆ రోజుల్లో ఆవిడ ముందుగదిలో, ఆయన వెనకగదిలో వేరుగా ఉండేవారు. దానికి పట్టుబట్టింది ఆవిడే. మిషను వెనకగదిలోకి మారింది. సాయంత్రం స్నానం చేసి వచ్చి, నడవకి అటు ఆవిడ, ఇటు ఆయన గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. మధ్యలో కుళాయి కారుతూ ఉండేది. ఆవిడ ఆ రోజు సంగతులు చెప్పేది. ఒకసారి పెద్ద డాక్టరు అన్న మాట చెప్పింది. ఈ అంకె ఈ మనిషి సంగతి చెప్పదు, ఇలాంటి అంకె వచ్చిన నూరుమందిలో ఎంతమందికి విషమించిందో చెబుతుంది, ఆ నూరుమందిలో ఈయన ఎవరో మాత్రం చెప్పదు అన్నాడట. ఆ మాట ఆవిడకి బాగా నచ్చింది. దర్జీకి నచ్చలేదు. నా కొలత చొక్కాకి సరిపోవాలి గానీ నూరు చొక్కాలకి సరాసరిన సరిపోతే ఎవడిక్కావాలి అన్నాడు.

ఇంకోసారి నీలం గొట్టాలకి కరువొచ్చింది అని చెప్పింది. సరుకు రావడం లేదు. ఇదివరకటిలా అందరికీ తీయడం లేదు, డాక్టర్లకి ఎవరి మీద బెంగ ఉంటే వాళ్లకే రాస్తున్నారు.

"అంటే నీలం రాశారంటే భయపడ్డట్టేనా?"

"భయపడ్డట్టే. వార్డులో ఆయాలు కూడా కనిపెట్టేశారు. నా పెట్టెలోకి తొంగిచూసి, నీలం ఏ మంచానిదమ్మా అని అడుగుతున్నారు."

దర్జీ మనసులో ఆ మాట ముద్ర వేసినట్టు ఉండిపోయింది. డాక్టర్ల మాటల్లో ఆయనకి తలాతోకా దొరికేది కాదు. నిలకడ, గమనిస్తున్నాం, చెప్పలేం. రంగు అలా కాదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు.

అప్పుడే ఆస్పత్రివాళ్లకి పైన తొడుక్కునే కోట్లు చాలక, ఆవిడ తన విభాగంవాళ్ల కోసం ఆయన చేత కొన్ని కుట్టించింది. అన్నిటికీ లోపలివైపు లోతైన జేబు పెట్టమంది. లోపలి జేబెందుకు, దొంగసరుకు దాటించడానికా అన్నాడాయన. వంగినప్పుడల్లా పెన్నులు పడిపోతున్నాయి, మా చెల్లి కళ్లజోడు రెండుసార్లు రోగి మీద పడింది అంది. చెల్లి అంటే ఆవిడ దగ్గర పని నేర్చుకున్న కళ్లజోడమ్మాయి. పెళ్లయి, ఒక బిడ్డ తల్లి అయినా ఆవిడకి అమ్మాయే. ఆ పిల్ల ఆవిడని అక్కా అనేది, దర్జీని బావగారూ అనేది. బావగారు జేబులు ఎంత లోతు పెట్టారంటే, చెయ్యి పెడితే మోకాలు తగులుతోంది అని కబురు పంపింది.

కుళాయికి కట్టు కట్టి వెళ్లిన రోజు సాయంత్రం ఫోన్ మోగింది. ఆవిడే.

"నన్ను ఇక్కడే ఉంచేశారండీ," అంది. ఊరెళ్లిన మనిషి బండి తప్పిపోయింది అని చెప్పినట్టు చెప్పింది.

రక్తం తీశారా అని దర్జీ అడిగాడు. చెల్లి తీసిందని చెప్పింది. ఎలా ఉంది అన్నాడు.

"రక్తం బాగానే వచ్చిందండీ."

ఆయనకి ఆ బెంగలో కూడా నవ్వొచ్చింది. "నా దగ్గరా ఆ మాట? నేనేమన్నా వరండాలో మనిషినా? మూతలేమిటో చెప్పు."

అటువైపు దగ్గు వినిపించింది. దగ్గు తగ్గేదాకా ఆగి, "వచ్చి మీ కళ్లతో మీరే చూసుకోండి," అంది. "పొద్దున చెల్లి వచ్చే వేళకి అద్దం దగ్గర నిలబడనిస్తారు."

మర్నాడు పొద్దున ఆయన వార్డు అద్దం బయట నిలబడ్డాడు. లోపల ఆవిడ కిటికీ పక్క మంచం మీద, మొహానికి ఆక్సిజను మాస్కుతో ఉంది. చెయ్యి ఊపింది. కళ్లజోడమ్మాయి పెట్టెతో వచ్చింది. అద్దానికి వీపు పెట్టి, మంచం మీదకి వంగింది. ఆ వంగడం వంగడం ఎంతసేపటికీ లేవదు. దర్జీ మునివేళ్ల మీద లేచి చూశాడు, తెల్లకోటు వీపు తప్ప ఏమీ కనపడలేదు. చివరికి ఆ పిల్ల పక్కకి జరిగి, పెట్టె అద్దానికేసి తిప్పి, అందులో గొట్టాలు సర్దింది.

వంగపండు. నిమ్మపసుపు. అంతే.

ఆయన కళ్లు చికిలించి ఇంకోసారి చూశాడు. నీలం లేదు. అద్దానికి ఇవతల ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పక్కన ఎవరి మనిషో తెలీని ఒకావిడ, ఏమైందండీ అని కంగారుగా అడిగితే, ఏం లేదమ్మా, నీలం లేదు అన్నాడు. ఆవిడకి ఒక్కముక్క అర్థం కాలేదు.

పెద్ద డాక్టరు ఆ రోజూ, ఆ తర్వాతా ఫోన్లో మాట్లాడాడు. ప్రస్తుతానికి నిలకడగానే ఉన్నారు, కానీ ఈ జబ్బులో ఏదీ ముందు చెప్పలేం, మీరు కాస్త మనసు గట్టి చేసుకుని ఉండాలి అన్నాడు. దర్జీ సరేనండీ అన్నాడు. ఇది వాళ్లు అందరికీ చెప్పే మాట. ఎవరికి ఏం చెబితే ఏం ముంచుకొస్తుందోనని నీళ్లు నములుతారు. నిజంగా భయపడితే నీలం రాసేవాళ్లు కదా అనుకున్నాడు. డాక్టరు నోటికన్నా గొట్టం మూతని నమ్మాడు. అలా నమ్మడం నేర్పింది ఆవిడే.

రోజూ పొద్దున అదే తంతు. కళ్లజోడమ్మాయి వీపు, అంతసేపు వంగడం, ఆ తర్వాత పెట్టె అద్దానికేసి తిరగడం. వంగపండు, నిమ్మపసుపు. ఆ రెండు రంగులు చూశాకే ఆయనకి ఆకలి తెలిసేది. తర్వాత ఫోన్లో మాట్లాడుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చేవారు. ఆవిడ ఎక్కువ మాట్లాడలేకపోయేది కాబట్టి ఆయనే మాట్లాడేవాడు. ప్యాంటు నడుము వదులు చేయించుకున్న పెద్దమనిషి అది మళ్లీ బిగుతైందని తెచ్చిన సంగతి చెప్పాడు. పై ఇంటివాళ్లు ఆరేసిన దుప్పటి ఎగిరి మన కరెంటు తీగ మీద పడ్డ సంగతి చెప్పాడు. ఆవిడ మాస్కు వెనక నవ్వితే అద్దంలోంచి భుజాలు కదలడం తెలిసేది.

"నీ శిష్యురాలికి ఇంకా చెయ్యి తిరగలేదే. రెండు గొట్టాలకి ఇంతసేపా? నువ్వైతే ఈపాటికి వార్డంతా చుట్టి వచ్చేదానివి," అన్నాడొకసారి.

"నా నరాలు అలాంటివి లెండి. దాన్నేమీ అనకండి," అంది. ఆ వెంటనే, "కుళాయి ఎలా ఉంది?" అని అడిగింది.

ప్రతిరోజూ కుళాయి సంగతి అడిగేది. కట్టు గట్టిగానే ఉంది, చుక్క తగ్గింది అనేవాడు. వాషరు? ఇవాళ తెస్తా. ఆవిడ చెయ్యి ఎత్తి, చాల్లెండి అన్నట్టు ఊపేది. కుళాయి గురించి అడిగే మనిషి ఇంటికి రాకుండా ఎక్కడికి పోతుంది అనుకునేవాడు.

ఇల్లు మాత్రం వేరేగా ఉండేది. అద్దం దగ్గర ఉన్న ధైర్యం మెట్లెక్కేసరికి జారిపోయేది. తిన్న గిన్నె ఒకటే కాబట్టి నిలబడే తిని, నిలబడే కడిగేవాడు. మిషను తొక్కితే ఆ చప్పుడు ఇల్లంతా తిరిగి ఆయన దగ్గరికే వచ్చేది. వేరుగా పడుకోవడం మొదలైనప్పటి నుంచీ పడుకునే ముందు ఆవిడ తన గది తలుపు మీద వేలితో కొట్టేది, ఆయన కత్తెర పిడితో బదులు కొట్టేవాడు. ఇప్పుడు ఆయనే ముందు కొట్టి, కాసేపు తలుపుకేసి చూసి, అవతలి గదిలో లైటు వేసి వచ్చేవాడు. గుమ్మం కింద సందులోంచి వెలుగు కనపడితే నిద్ర పట్టేది. నడవలో రెండు కుర్చీలూ అలాగే ఉండేవి. ఒకదాని మీద తను కూర్చుని రెండోదానికి కబుర్లు చెప్పబోయి, గతుక్కుమని లేచిన రోజు కూడా ఉంది.

ఒకటి రెండుసార్లు అద్దం దగ్గర ఆయన గొంతులోకి వేరే మాటలేవో వచ్చాయి. ఆయన మాటలు పేర్చుకోగల మనిషి కాదు. నువ్వు నాకు దొరకడం అని మొదలుపెట్టి ఎలా ముగించాలో తెలియని మాటలు. ఇప్పుడు ఇవి మాట్లాడితే వీడ్కోలు చెప్పినట్టుంటుంది, మంచి మనిషిని బెదరగొట్టినట్టుంటుంది, పెట్టెలో నీలం కూడా లేదు, ఇంటికొచ్చాక నడవలో కూర్చుని తీరిగ్గా చెప్పుకోవచ్చు అనుకున్నాడు. ఆ మాటలు మింగేసి దుప్పటి ఎవరు దించారో చెప్పాడు.

చివరిసారి చూసిన రోజు ఆయన వాషరు కొనుక్కుని మరీ వెళ్లాడు. జేబులోంచి తీసి అద్దానికి ఆనించి చూపించాడు. చిన్న నల్లటి రబ్బరు బిళ్ల. ఆవిడ తల కొంచెం ఎత్తి దాన్ని చూసింది. ఆ రోజు కళ్ల కింద బాగా పీక్కుపోయి ఉంది. మాస్కు మార్చి ఇంకా పెద్దది పెట్టారు. అయినా పెట్టెలో వంగపండూ నిమ్మపసుపూ మాత్రమే ఉన్నాయి, ఆయన అది చూశాకే వాషరు బయటికి తీశాడు.

ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టింది కళ్లజోడమ్మాయే.

"సరైన కొలతేనా?" అంది ఆవిడ. గొంతు గాలిలా వచ్చింది.

"దర్జీని పట్టుకుని కొలత అడుగుతావా?"

భుజాలు కదిలాయి. కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నా కట్టు విప్పేటప్పుడు కత్తెర పెట్టకండి. కొస పట్టుకుని లాగండి, అదే వచ్చేస్తుంది."

"నాకు తెలీదేంటి," అన్నాడాయన. సాయంకాలంలోగా వేసేయాలని గబగబా ఇంటికి బయల్దేరాడు. మలుపులో వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ ఇంకా అద్దం వైపే చూస్తోంది. చెయ్యి ఊపి మెట్లు దిగాడు.

ఇంటికి వెళ్లేసరికి ఎవరో అర్జంటు పని పట్టుకొచ్చారు. మర్నాడు తెల్లవారుతుండగా ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది.

పెద్ద డాక్టరు మంచి మనిషి. ఆయనే స్వయంగా మాట్లాడాడు. మా ఇంటి మనిషిని పోగొట్టుకున్నట్టుంది అన్నాడు. మీకు ముందే కాస్త చెప్పి ఉంచాం కదండీ, మొదటి నించీ మాకు బెంగగానే ఉంది అని కూడా అన్నాడు. దర్జీ చెవిలో ఆ ఆఖరి మాట ముల్లులా దిగింది. బెంగ ఉంటే నీలం ఎందుకు రాయలేదు. ఒక్కరోజైనా తీయలేదు. తన కళ్లతో చూశాడు. ఇంతమందికి రక్తం తీసిన మనిషికి, ఆ ఒక్క గొట్టం ఖర్చు పెట్టడానికి వాళ్లకి చేతులు రాలేదు. తీసి చూసి ఉంటే ముందే తెలిసేది. ముందే తెలిస్తే ఏదో చేసి ఉండేవారు. చేయలేకపోయినా, తను ఆ అద్దం దగ్గర వాషరు పట్టుకుని నిలబడేవాడు కాదు.

ఆ బాధ కోపమై కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాడు. నీలం తీయలేదండీ అనేవాడు. వాళ్లకి అర్థం కాకపోతే మొదటి నించీ విడమరిచి చెప్పేవాడు. కొన్నాళ్లకి వాళ్లు బట్టలు గుమ్మంలోనే ఇచ్చి, అక్కడి నించే వెళ్లిపోసాగారు. ఆస్పత్రి మీదుగా వెళ్లే దారి మానేసి చుట్టుతిరిగి వెళ్లేవాడు. కళ్లజోడమ్మాయి రెండుసార్లు చూడ్డానికి వస్తే, ఒంట్లో బాలేదని తలుపు తీయలేదు. ఆ పిల్ల మెట్లు దిగే చప్పుడు పూర్తిగా ఆగేదాకా తలుపు వెనకే నిలబడ్డాడు.

కుళాయికి కట్టు అలాగే ఉంది. వాషరు దారాల డబ్బాలో పడి ఉంది. వాషరు వేయాలంటే కట్టు విప్పాలి. కొస పట్టుకుంటే అదే వచ్చేస్తుందని ఆయనకి తెలుసు. రోజూ చేతులు కడుక్కునేటప్పుడు ఆ కొస తగలకుండా జాగ్రత్తగా కడుక్కునేవాడు. రబ్బరు ఎండి పగుళ్లు వేసింది. చుక్కలు మళ్లీ మొదలయ్యాయి. కుర్చీలో కూర్చుని వాటిని వింటూ ఉండేవాడు. ఇంట్లో ఇంకో చప్పుడంటూ ఉంటే అదే.

మూడోసారి వచ్చినప్పుడు కళ్లజోడమ్మాయి తలుపు కొట్టలేదు. మెట్ల మీద కూర్చుంది. పాలకని తలుపు తీసిన దర్జీకి ఆ పిల్ల ఎదురుపడింది. చేతిలో మడత పెట్టిన తెల్లకోటు. చేతులు పొడుగైపోయాయి బావగారూ, కాస్త పొట్టి చేయాలి అంది. పని చేతిలో పెడితే కాదనలేని మనిషి ఆయన. కోటు అందుకుని లోపలికి నడిచాడు. మిషను బల్ల మీద పరిచి చేతుల పొడవు చూశాడు. టేపు మెడలో వేసుకుని, ఆ పిల్ల మొహం చూడకుండానే అన్నాడు:

"ఒక్క నీలం గొట్టం మిగల్లేదా అమ్మా, మీ అక్కకి?"

నడవలో చుక్క రాలింది. ఆ తర్వాత ఇంకోటి.

"తీశాను బావగారూ," అంది కళ్లజోడమ్మాయి. "రోజూ ముందు నీలమే తీశాను."

"నేను చూశాను. పెట్టెలో లేదు."

ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది. కోటు ముందుభాగం తెరిచి, లోపలి జేబులోకి చెయ్యి పెట్టింది. చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోయింది. జేబుని అలాగే పట్టుకుని బయటికి తిరగేసింది. ఆయన స్వయంగా కుట్టిన జేబు. కుట్టు ఇంకా చెక్కుచెదరలేదు.

"ఇందులో పెట్టుకునేదాన్ని. అక్క పెట్టమంది. ఆయనకి రంగు ఎంత దూరాన్నుంచైనా తెలిసిపోతుంది, ఆ ఒక్కటి కంటపడనీయకు, మిగతావి కావాలంటే తిప్పి చూపించు అంది. నేను కుదరదన్నాను. ఆయన నాతో కుళాయి గురించి మాట్లాడుకోవాలే, ఇంకేదీ వద్దు అంది."

దర్జీ తిరగేసిన జేబు మీద అరచెయ్యి పెట్టి సాపు చేశాడు. ముడతలేమీ లేకపోయినా సాపు చేస్తూ ఉన్నాడు.

"ఎప్పటి నించి?"

"మీరు మొదటిసారి అద్దం దగ్గరికి వచ్చిన పొద్దుటి నించే."

ఫోన్లో విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. నేనేమన్నా వరండాలో మనిషినా అని తను నవ్వడం, అటువైపు దగ్గు, వచ్చి మీ కళ్లతో మీరే చూసుకోండి అనడం. బల్ల అంచు పట్టుకుని మిషను ముందు కూర్చున్నాడు. కోటు చెయ్యి మీద సుద్దతో ఒక గీత గీశాడు. గీసిన గీత వంక చాలాసేపు చూశాడు. చివరికి ఆయన అడిగింది కొలత గురించే.

"గీత దాకా నిండేదా?"

"నిండేది బావగారూ," అంది కళ్లజోడమ్మాయి. "చివరి రోజు కూడా. రక్తం బాగానే వచ్చేది."